ఎండ ఉండగా ఆరని దుప్పట్లు

పునరుత్పాదక ఇంధనం గురించి మాట్లాడమని నన్ను ఎవరూ బతిమాలక్కర్లేదు. వద్దనకపోతే చాలు. పైగా నా ఉద్యోగం కూడా అదే. ఇంధన ప్రచార కార్యాలయంలో ఉపన్యాసకుణ్ణి. బడులకూ, కాలేజీలకూ, క్లబ్బులకూ వెళ్లి ఎండలోంచి, గాలిలోంచి, పారే నీటిలోంచి, పేడలోంచి, భూమి లోపలి వేడిలోంచి, సముద్రపు ఆటుపోట్లలోంచి కరెంటు ఎలా వస్తుందో చెబుతాను. గాలి దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ గిర్రున తిప్పుతాను. అందుకని మా వీధిలో నా పేరు గాలిమర మాస్టారు. మొదట్లో ఈ పేరు వింటే కోపం వచ్చేది. "గాలిమర తిరిగితే కనీసం కరెంటు పుడుతుంది, మీరు దాన్ని పొగడ్తే అనుకోండి" అని మా ఆవిడ చెప్పాక కోపం తగ్గించుకున్నాను.

నా ఉపన్యాసం పేరు 'లాభాలు, లోపాలు'. లాభాలు చెప్పడం నాకు ప్రాణం. ఎండకు ఎవడూ బిల్లు పంపడు, గాలికి పొగ గొట్టం ఉండదు, బొగ్గు తవ్వే కొద్దీ తరుగుతుంది గానీ సూర్యుడు తరగడు అంటూ మొదలుపెడితే నన్ను ఆపడం నా తరం కూడా కాదు. లోపాల దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా టీ వస్తుంది. లేదా బెల్లు కొడతారు. "సమయాభావం వల్ల లోపాలను క్లుప్తంగా ప్రస్తావిస్తాను. ప్రతి మంచి పనికీ చిన్న చిన్న ఇబ్బందులు ఉంటాయి. నమస్కారం" అని దిగిపోతాను. రాత్రిళ్లు ఎండ ఉండదనీ, గాలి మనం పిలిచినప్పుడు రాదనీ, ఆనకట్ట కడితే వెనక ఊళ్లు మునుగుతాయనీ, ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు పడిపోతుందనీ నాకు తెలియక కాదు. అన్నీ కంఠతా వచ్చు. చప్పట్లు మాత్రం లాభాల దగ్గరే పడతాయి.

మా ఆవిడకు లాండ్రీ ఉంది. కింద షాపు, పైన మా కాపురం, ఆ పైన డాబా. డాబా నిండా ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు దండేలు. ఊరి చివర పెద్ద లాండ్రీలో ఏళ్ల తరబడి ఆవిరి ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి, మోచేతుల దాకా వాతలు పెట్టించుకుని, చివరికి సొంతంగా పెట్టుకున్న షాపు అది. బోర్డు మీద పేరు కూడా ఆవిడే రాసుకుంది. కానీ ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వాషింగ్ మెషీన్ ఉంది. షాపుకి వచ్చేవి కర్టెన్లు, కోట్లు, అల్లుళ్లు వస్తే తీసే మంచి దుప్పట్లు. అవి ఎన్నొస్తాయి?

అలాంటి సమయంలో మా వీధి మలుపులో కాన్పుల ఆసుపత్రి తెరిచారు. రోజూ బుట్టల కొద్దీ దుప్పట్లు, పసిపిల్లల పక్కగుడ్డలు. వాటి పెత్తనమంతా హెడ్ నర్సుది. మా ఆవిడ వెళ్లి అడిగింది. ఇంటికొచ్చి నాతో అంది:

"ఈ పని దొరికితే షాపు నిలబడుతుందండీ. దొరక్కపోతే మూసేసి మళ్లీ ఆ పెద్ద లాండ్రీలో చేరాల్సిందే. నాకిప్పుడు అంతసేపు నిలబడే ఓపిక లేదు."

"మరి ఏమంది?"

"వానొస్తే ఎలా ఆరేస్తావమ్మా అంది."

అక్కడ నా లోపలి ఉపన్యాసకుడు లేచాడు. టీ గ్లాసు పట్టుకుని ఆవిడ వెనకే డాబా ఎక్కాను. షాపు పెట్టినప్పటి నుంచీ నేను ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. దండేల కింద వంగి వంగి నడుస్తూ, తడి చీరలు మొహానికి తగులుతుంటే తప్పించుకుంటూ, ఇక్కడ ప్యానెళ్లు, కింద డ్రైయరు, వానా లేదు వంగుడూ లేదు, ఎండను కరెంటు చేద్దాం, కరెంటును వేడి చేద్దాం, ఆ వేడితో బట్టలు ఆరబెడదాం అని అరచేతిలో వైకుంఠం చూపించాను. ఎండలో ఆరుతున్న బట్టల మధ్య నిలబడి ఈ మాట అంటున్నానన్న సంగతి నాకు తట్టలేదు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం అంటే ఇదే. దీన్ని నేను ఆధునికత అన్నాను. ఆవిడ నోట్లో క్లిప్పులు పెట్టుకుని వింది. తర్వాత ఆ క్లిప్పులు తీసి "సరే" అంది.

ప్యానెళ్లు బిగించడానికి వచ్చిన మెకానిక్ బ్యాటరీ పెట్టమంటారా అని అడిగాడు. దానికి మెట్ల కింద స్థలం కావాలన్నాడు. మెట్ల కింద నాకు వచ్చిన జ్ఞాపికల బీరువా ఉంది. ఊరూరా ఇచ్చిన చెక్క పలకలు, గాజు పలకలు, 'ఇంధన రత్న' అని రాసిన ఇత్తడి పళ్లెం. అక్కర్లేదన్నాను. దండేలు విప్పేసి, ఆ తాళ్లతోనే ప్యానెళ్లు వచ్చిన అట్టపెట్టెలు కట్టి పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. డాబా మీద మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి తప్ప మిగిలిందంతా నల్లగా, నున్నగా మెరిసిపోయింది. చూసి నా ఛాతీ ఉబ్బింది.

నిజం చెప్పాలంటే లాభాలు లేకపోలేదు. మబ్బు లేని రోజుల్లో షాపు మొత్తం ఎండ మీదే నడిచింది. కరెంటు బిల్లు చూసి మా ఆవిడ అది పక్కింటి వాళ్లదేమో అనుకుని ఇచ్చి రాబోయింది. ముసురు పట్టిన రోజున వీధి కరెంటు అందుకునేది. డ్రైయర్లోంచి దుప్పట్లు వెచ్చగా వచ్చేవి. హెడ్ నర్సు విని సంతోషించి, "ఒక రోజు మా దుప్పట్లు పంపిస్తాను, ఉతికి ఆరేసి సాయంత్రంలోగా ఇవ్వు. నేనే వచ్చి చూస్తాను. బాగుంటే పని నీదే" అంది.

ప్యానెళ్లు కడిగే పని నేనే తీసుకున్నాను. దుమ్ము గురించి మాట్లాడేవాడే దుమ్ము దులపాలి కదా! కొత్తలో పొద్దున్నే బకెట్టు, పొడుగు కర్ర తుడుపు పట్టుకుని ఎక్కేవాణ్ణి. మా ఆవిడ రెండు గ్లాసుల్లో టీ తెచ్చేది. పిట్టగోడ మీద కూర్చుని తాగేవాళ్లం. ఆవిడ వీధిలో ఎవరింట్లో ఏ రంగు కర్టెన్లు ఉన్నాయో చెబుతుంటే, నేను సూర్యకాంతి గురించి చెప్పేవాణ్ణి. తర్వాత ఉపన్యాసాలు పెరిగాయి. మా ఇంటి గురించి చెప్పమని పిలుపులు వచ్చాయి. 'సౌర ఫలకాల నిర్వహణ' అన్న వ్యాసం రాయాల్సి వచ్చింది. అది రాసే హడావుడిలో నిర్వహణ మానేశాను.

ఇంతలో మా పునరుత్పాదక మిత్ర సంఘం వాళ్లు మా ఇంటిని ఆదర్శ గృహంగా గుర్తించి చూడటానికి వస్తామన్నారు. హెడ్ నర్సు వచ్చే రోజునే రమ్మన్నాను.

"ఆ రోజొద్దండీ. ఇంకో రోజు పిలవండి" అంది మా ఆవిడ.

"పిచ్చిదానా, ఆసుపత్రి దుప్పట్లు సూర్యుడితో ఆరుతుంటే చూడాలి వాళ్లు. ఖాళీ డ్రైయరు చూసి ఏం చేస్తారు?"

"ఆ రోజు లైను బాగుచేస్తారట. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదని ఫోనుకి మెసేజి వచ్చింది."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"వీధికి ఉండదు. మనకేం? మనది సొంత కరెంటు" అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, ఆ రచ్చనంతా ఇంటికి పిలిచాను.

ఆ రోజు పొద్దున్నే ఆసుపత్రి బుట్టలు వచ్చాయి. మా ఆవిడ ఇంకా తెల్లవారకుండానే నీళ్లు పట్టుకుని సిద్ధంగా ఉంది. వాషింగ్ మెషీన్లు తిరిగాయి. చివరి విడత జాడించడం అయి, నీళ్లు పిండడం అయి, దుప్పట్లు బుట్టల్లోకి తీస్తుండగా టక్కున లైట్లు ఆరిపోయాయి. డ్రైయరులో అప్పుడే వేసిన దుప్పట్లు ఒక చుట్టు తిరిగి ఆగిపోయాయి.

"మీ సొంత కరెంటు రానివ్వండి" అంది మా ఆవిడ.

నేను గోడ మీద ఇన్వర్టర్ పెట్టె దగ్గరికి వెళ్లి చూశాను. ఎర్ర దీపం. బయట ఎండ మాడు పగిలేలా కాస్తోంది. సరిగ్గా అప్పుడు సంఘం వాళ్లు వచ్చారు. ముందు సంఘం పెద్దాయన, రిటైరైన ఇంజనీరు, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. వెనక టోపీలు పెట్టుకున్న మిత్రులు. ఎర్ర దీపం చూడగానే పెద్దాయన మొహం వెలిగిపోయింది.

"చూశారా! బ్యాటరీ లేని పద్ధతిలో అతి ముఖ్యమైన విషయం ఇది. వీధి కరెంటు పోగానే ఇదీ ఆగిపోతుంది. లేకపోతే తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కి ఈ ఇంటి కరెంటు తగిలి ప్రాణం పోతుంది. ఎండ ఎంత ఉన్నా ఆగాల్సిందే. మా మాస్టారు మనకు చూపించడం కోసమే కరెంటు లేని రోజు ఎంచుకున్నారు!" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. లోపాలకు చప్పట్లు పడటం నా జీవితంలో అదే మొదటిసారి. ఈ సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. నా ఉపన్యాసంలో లోపాల వరుసలో ఉంది. సమయాభావం వల్ల ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోతే మనిషి మరిచిపోతాడు కాబోలు.

మా ఆవిడ చప్పట్లు కొట్టలేదు. తడి దుప్పట్ల వంక చూసింది. వాకిట్లో ఎండ వంక చూసింది. నా వంక చూడలేదు. బుట్ట చంకన ఎత్తుకుని మెట్లెక్కింది. నేనూ, నా వెనక సంఘమూ ఎక్కాం. డాబా మీద నాలుగు మూలలా ఎండ. గాలి కూడా ఉంది. లేనివి దండేలు మాత్రమే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ ఊడిన చోట ఆవిడ ఒక నిమిషం నిలబడింది. తర్వాత కొంగుతో పైపైన దుమ్ము తుడిచి, బుట్టలోంచి ఒక దుప్పటి తీసి, దులిపి, ప్యానెళ్ల మీద పరిచేసింది. ఇంకోటి తీసింది. పరిచింది. కాలుతున్న ప్యానెళ్ల మీద తడి దుప్పట్లు సుయ్యిమంటూ ఆవిర్లు కక్కాయి.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేను గాలిమర మాస్టారుని ఎందుకవుతాను? "ఒకే ప్యానెలు, రెండు ప్రయోజనాలు! కరెంటు లేని వేళ నేరుగా సౌర శోషణ!" అన్నాను. మిత్రులు ఫోటోలు తీసుకున్నారు. ఒకాయన శోషణ అన్న మాట రాసుకున్నాడు. ప్రపంచంలో అంత ఆర్భాటంగా కట్టిన దండెం ఇంకోటి ఉండదు.

దుప్పట్లు ఇట్టే ఆరాయి. మా ఆవిడ మొహంలోకి కాస్త రంగు వచ్చింది. అప్పుడే హెడ్ నర్సు మెట్లెక్కి వచ్చింది. పొట్టి మనిషి, గుండె దగ్గర పిన్నుతో వేలాడే గడియారం, నెమ్మదైన గొంతు. ముందు మా అందరినీ చూసింది. తర్వాత ఒక దుప్పటి అంచు పట్టుకుని తిరగేసింది.

అడుగు వైపు ప్యానెళ్ల గీతలన్నీ బూడిద రంగులో అచ్చు దిగి ఉన్నాయి. ఒక మూల పిట్ట రెట్ట. అది కూడా తడికి నాని, శుభ్రంగా అచ్చు పడింది. నేను కడగని ప్రతి పొద్దూ ఆ తెల్లటి గుడ్డ మీద కనబడింది.

"ఇది పసిపిల్లల కింద వేసేదమ్మా" అంది హెడ్ నర్సు. గొంతు పెంచలేదు. "ఈ పలకల్ని ఎవరు చూసుకుంటారు?"

నా చుట్టూ సంఘం. నేను పిట్టగోడ వైపు చూశాను.

"షాపు నాది. చూసుకోవాల్సింది నేనే" అంది మా ఆవిడ.

అంతే, నేను ముందుకొచ్చాను. "కాదండీ. నేను. కడుగుతానని నేనే తీసుకున్నాను. మానేశాను. కరెంటు ఉండదని ఆవిడ ముందే చెప్పింది, నవ్వాను. దండేలు విప్పిందీ నేనే. బ్యాటరీ వద్దన్నదీ నేనే" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఎన్నేళ్లుగానో మిగిలిపోయిన లోపాలన్నీ ఆ డాబా మీద ఒక్కసారే వచ్చేశాయి. రాత్రి ఎండ ఉండదన్న మాట కూడా అనేశాను. అది అక్కడ ఎవరికీ అవసరం లేదు.

"ఎవరిదైనా మరక మరకే కదండీ" అంది హెడ్ నర్సు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "సాయంత్రానికి పక్కలు మార్చాలి. అప్పటికి ఇవ్వగలవా?" అంది.

"ఇస్తాను" అంది మా ఆవిడ.

తొట్టెల్లో, చేత్తో, సబ్బు రుద్ది, మరక పడినవన్నీ మళ్లీ ఉతికింది. నేను జాడించాను. నేను జాడించినవి ఆవిడ మళ్లీ జాడించింది. ఇక ఆరేయాలి. తాళ్లు లేవు, బజారుకెళ్లి తెచ్చి కట్టే వ్యవధీ లేదు. ఇరుగుపొరుగుల డాబాల మీద వాళ్ల బట్టలు. మా ఆవిడ కొంగు నడుముకు దోపి సంఘం పెద్దాయన ముందుకెళ్లింది.

"అయ్యగారూ, చేతులు చాపండి" అంది.

ఆదర్శ గృహం చూడటానికి వచ్చిన పెద్దమనుషులందరూ ప్యానెళ్లకు అటొకరు ఇటొకరు, పిట్టగోడకు వీపు ఆనించి నిలబడి, దుప్పటి కొసలు పట్టుకున్నారు. దుప్పటి కిందికి జారి ప్యానెలుకు తగలకూడదు. చేతులు దించకూడదు. పెద్దాయన తెల్ల ప్యాంటు మీద నీళ్లు కారుతున్నాయి. ఇంతలో గాలి రేగింది. పిలవనప్పుడు వచ్చే గాలి. దుప్పట్లు తెరచాపల్లా ఉబ్బి, బక్కపలచటి మిత్రుడొకాయన్ని రెండడుగులు ఈడ్చుకుపోయాయి. "పవన శక్తిని తక్కువ అంచనా వేయకూడదు" అనబోయాను.

"మాట్లాడకుండా పట్టుకోండి" అంది మా ఆవిడ. పట్టుకున్నాను. భుజాలు పడిపోయాయి. ఎన్నో ఏళ్లుగా ఎండ మన సేవకుడని చెప్పినవాణ్ణి, ఆ పూట ఎండ దగ్గర కూలికి కుదిరాను.

సాయంత్రానికి దుప్పట్లు ఆసుపత్రికి చేరాయి. మచ్చ లేదు, మడత చెదరలేదు. మిత్రులు చేతులు రుద్దుకుంటూ వెళ్లిపోయారు. వీధి కరెంటు వచ్చింది. ఇన్వర్టర్ మీద పచ్చ దీపం వెలిగింది. దాని మొహాన ఉమ్మేయాలనిపించింది. ఇంకాసేపటికి మా ఆవిడ ఫోను మోగింది. హెడ్ నర్సు. ఆవిడ గొంతు నాకూ వినబడింది.

"దుప్పట్లు చాలా బాగున్నాయమ్మా. నీ చేతిలో పని ఉంది. కానీ రోజూ అంతమంది మగాళ్లు దొరకరు కదా నీకు. ఈ ఆరునెలలకీ వేరేవాళ్లకి ఇస్తున్నాను. ఏమీ అనుకోకు. అన్నీ సర్దుకున్నాక మళ్లీ కబురు చెయ్యి."

"అలాగేనండీ" అంది మా ఆవిడ. ఫోను బల్ల మీద పెట్టింది. "అప్పటిదాకా షాపు ఉంటే కదా" అని తనలో తాను అనుకుంది. ఏడవలేదు. వేరే వాళ్ల దుప్పట్లు ఆరినవి కొన్ని మడత పెట్టాల్సినవి ఉంటే వాటి దగ్గరికి వెళ్లింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మోచేతుల మీది పాత వాతలు ఆ పచ్చ దీపం వెలుగులో కనబడుతుంటే, మళ్లీ ఆ పెద్ద లాండ్రీకి పంపిస్తున్నది నేనే కదా అనిపించింది.

"రేపే ప్యానెళ్లు పీకించేస్తాను" అన్నాను.

"ఎందుకు? పాపం అవేం చేశాయి? బిల్లు తగ్గించాయి. సగం ఉంచి సగం తీయించండి. దండేలు కడదాం."

"దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయని నేను చూసుకోలేదు. నువ్వు రోజూ పైకెళ్లి చూస్తూనే ఉన్నావుగా?"

"చూస్తూనే ఉన్నాను."

"ఒక గుడ్డ పెట్టి తుడిచేస్తే పోయేది కదే. బట్ట మీద చిన్న మరక ఉంటే ఊరుకోవు. అంత దుమ్ము ఎలా ఊరుకున్నావు?"

ఆవిడ దుప్పటి రెండు కొసలూ కలిపింది.

"తుడిచేద్దామని గుడ్డ పట్టుకుని చాలాసార్లు ఎక్కాను. నేను తుడిచేస్తే మీకిక పైకి రావాల్సిన పని ఉండదు కదా అని దిగొచ్చేశాను. దుమ్ము ఎక్కువైతే మీరే వస్తారని."

వెళ్లి ఆ దుప్పటి అవతలి కొస పట్టుకున్నాను. దుప్పటి మడవడం నాకు రాదు. మెలితిప్పేశాను.

"అటు కాదండీ, ఇటు తిప్పండి" అంది.